కత్తికి తోడు కాగితం: బ్రిటిష్ నౌకాధికారుల ఖడ్గాలు, వారి కొలువు చరిత్రలు



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ గురువుగారు మాకు తరగతి గదిలో కంటే మ్యూజియంలోనే ఎక్కువ చరిత్ర చెప్పారు. అద్దాల బీరువా ముందు నిలబెట్టి, లోపలున్న వస్తువు గురించి మాకు తోచిందంతా చెప్పమనేవారు. ఇనుము, ఇత్తడి, పొడవు, నగిషీ అంటూ మేం చెప్పుకుపోయేవాళ్లం. అంతా ఓపిగ్గా విని, చివర్లో ఒకటే అడిగేవారు: "ఇది ఎవరిదిరా?" అక్కడ మేం నీళ్లు నమిలేవాళ్లం. ఆ ప్రశ్న ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు. ఈ సాయంత్రం దాన్నే పట్టుకుని, బ్రిటిష్ నౌకాధికారుల పాత ఖడ్గాల గురించి మాట్లాడతాను.

మన ఆయుధాలుండగా వాళ్ల కత్తులెందుకని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాను. బ్రిటిష్ నౌకాధికారి తన ఖడ్గాన్ని తన డబ్బుతో కొనుక్కునేవాడు. అది సర్కారు ఆయుధాగారంలో నుంచి తీసి ఇచ్చిన సొత్తు కాదు. దాని మీద తన పేరో, పొడి అక్షరాలో, వంశ చిహ్నమో చెక్కించుకునేవాడు. మరో పక్క, అతని ఉద్యోగ వివరాలను నౌకాదళ వ్యవహారాలు చూసే అడ్మిరల్టీ రాసి పెట్టుకునేది. ఏ ఓడ మీద ఎన్నాళ్లున్నాడు, ఏ యుద్ధం చూశాడు, ఎప్పుడు పదోన్నతి వచ్చింది, పై అధికారి ఏమని మెచ్చుకున్నాడు, ఏమని తప్పు పట్టాడు, అన్నీ అందులో ఉంటాయి. ఆ కత్తినీ ఆ కాగితాన్నీ పక్కపక్కన పెడితే ఒక మనిషి జీవితం కళ్లకు కడుతుంది. ఆ రెంటినీ విడదీయకూడదన్నదే ఈ రోజు నేను మీకు చెప్పదలచుకున్న మాట.

విశాఖ రేవులో ఒక ఉదయం

మన తీరం నుంచే మొదలుపెడతాను. 1804 సెప్టెంబరులో ఒక ఉదయం విశాఖపట్నం రేవులో సెంచూరియన్ అనే 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక లంగరు వేసి ఉంది. పక్కన రెండు వర్తక ఓడలున్నాయి, వాటి పేర్లు బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్. సెంచూరియన్ అసలు కెప్టెన్ జబ్బు పడటంతో ఆ బాధ్యత తాత్కాలికంగా జేమ్స్ లిండ్ చేతికి వచ్చింది. ఆ వేళకు లిండ్ ఒడ్డున పనుల మీద ఉన్నాడు. ఓడ లెఫ్టినెంట్ ఫిలిప్స్ అజమాయిషీలో ఉంది.

మూడు పెద్ద ఓడలు బ్రిటిష్ జెండాలతో రేవు వైపు వచ్చాయి. అవి అప్పట్లో బ్రిటన్‌తో యుద్ధంలో ఉన్న ఫ్రాన్సు రియర్ అడ్మిరల్ లినువావి. ఆయనున్న మారెంగో 74 ఫిరంగుల ఓడ, వెంట రెండు ఫ్రిగేట్లు. ఫిలిప్స్ మోసం పసిగట్టి కాల్పులు మొదలుపెట్టాడు. ఆ కాల్పుల మధ్యనే లిండ్ పడవ మీద వచ్చి తన ఓడ ఎక్కాడు. సెంచూరియన్ లంగరు తాడు గుండు దెబ్బకు తెగింది, ఓడ ఒడ్డువైపు కొట్టుకుపోయింది. అక్కడ మళ్లీ లంగరు దించి పోరు సాగించారు. లోతు తక్కువైన ఆ నీళ్లలోకి మారెంగో రాలేకపోయింది. చాలాసేపు ఫిరంగులు మోగాక లినువా వెనుదిరిగాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి బద్దలైంది, ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం తూట్లు పడ్డ ఒంటితో అక్కడే నిలిచింది. లిండ్‌కు తర్వాత సర్ బిరుదు దక్కింది.

ఆ రోజు ఆ డెక్ మీదున్న అధికారుల నడుములకు ఎలాంటి కత్తులు వేలాడాయి? అన్నీ ఒకే తీరువై ఉండవని మాత్రం గట్టిగా చెప్పగలను. ఎందుకంటే అప్పటికి బ్రిటిష్ నౌకాదళమైన రాయల్ నేవీకి అధికార ఖడ్గమంటూ ఒక నమూనా లేనే లేదు.

పిడి చెప్పే తారీఖు

18వ శతాబ్దమంతా నౌకాధికారి తనకు నచ్చిన కత్తి కొనుక్కున్నాడు. దొరబాబులు నడుముకు కట్టుకునే సన్నటి పొడుపు కత్తి ఒకరిదైతే, పొట్టిగా వంపు తిరిగిన హ్యాంగర్ మరొకరిది. 1780ల తర్వాత స్పాడ్రూన్ అనే నిటారు కత్తి వాడుక పెరిగింది. దాని పిడి కాపు మీద అయిదు చిన్న గుండ్లు వరసగా ఉంటాయి, ఆ గుండ్లను చూసే దాన్ని గుర్తుపడతారు. అలుగుకు నీలం కాక పెట్టి, దాని మీద బంగారు పూతతో లంగరు బొమ్మలు వేయించడం అప్పటి సరదా. సముద్రపు ఉప్పు గాలికి ఆ నీలం తొందరగా పోతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నీలం నిగనిగలాడుతూ ఉంటే ఆ కత్తి ఒరలోనే, ఇంట్లోనే ఎక్కువ కాలం గడిపిందని అనుకోవచ్చు.

1805 ఆగస్టులో అడ్మిరల్టీ మొదటిసారి నమూనా నిర్ణయించింది. నిటారు అలుగు, వేళ్లకు అడ్డంగా గుర్రపు రికాబులాంటి కాపు, దాని మీద తాడు చుట్టుకున్న లంగరు. కమాండర్లకూ ఆ పైవాళ్లకూ దంతపు పిడి, కొనన సింహం తల. లెఫ్టినెంట్లకూ, అధికారులు కావడానికి శిక్షణలో ఉండే మిడ్‌షిప్‌మన్లకూ నల్ల చేపతోలు చుట్టిన పిడి, కొనన సింహం ఉండదు. అంటే మనిషి ముఖం చూడకుండానే పిడిని బట్టి హోదా చెప్పవచ్చు. ఆ ఉత్తర్వు వచ్చిన రెండున్నర నెలలకే, అక్టోబరు 21న, ఫ్రెంచి, స్పానిష్ దళాలతో ట్రఫాల్గర్ సముద్ర యుద్ధం జరిగింది. నెలల తరబడి సముద్రం మీదే ఉన్న అధికారులకు కొత్త కత్తి చేయించుకునే వ్యవధి ఎక్కడిది? ఆ యుద్ధం చూసిన కత్తుల్లో ఎక్కువ భాగం పాత బాణీవే అయి ఉండాలి.

తాడు చుట్టుకున్న లంగరు గురించి ఒక మాట. పనిలో ఉన్న నావికుడికి అది అపశకునం లాంటిది. లంగరుకు తాడు మెలికపడితే అది నేలను పట్టదు, ఓడ నిలవదు. అయినా అడ్మిరల్టీ ముద్రలో చాలా పాత రోజుల నుంచి ఆ బొమ్మే ఉంది, అదే కత్తుల మీదికీ వచ్చింది. 1812లో యూనిఫాం గుండీల మీది లంగరుకు పైన కిరీటం చేరింది. గుండీ, కిరీటం వంటి చిన్న గుర్తులే వస్తువు వయసు చెబుతాయి.

1827లో వచ్చిన నమూనాయే ఆ తర్వాత స్థిరపడింది. చేతిని సగం కప్పే బంగారు పూత ఇత్తడి కాపు, దాని మీద కిరీటం, లంగరు, కొనన సింహం తల, పిడికి తెల్ల చేపతోలు, ఆ తోలు మీద మెలితిప్పిన బంగారు తీగ. వారంట్ అధికారులకు నల్ల పిడి. మొదట్లో అలుగు వీపు గొట్టంలా గుండ్రంగా ఉండేది. 1846 నుంచి విల్కిన్సన్ అనే కత్తుల కంపెనీ రూపొందించిన గాడి అలుగు వచ్చింది, 1929లో కొద్దిపాటి వంపు కూడా పోయి అలుగు నిటారైంది. విక్టోరియా రాణి నాటి కిరీటానికీ, 1901 తర్వాతి కిరీటానికీ, 1950ల కిరీటానికీ ఆకారంలో తేడా ఉంది. ఇవన్నీ తెలిసినవాడు కత్తి చేతిలోకి తీసుకున్న నిమిషంలోనే అది ఏ కాలానిదో చెప్పేస్తాడు.

ఒకరు సగం కాపు పిడి ఉన్న కత్తి తెచ్చి, ఇది మా తాతముత్తాతలు ట్రఫాల్గర్‌లో పట్టినదండీ అన్నారనుకోండి. నమ్మలేం. ఆ పిడి పుట్టిందే ఆ యుద్ధం జరిగిన 22 ఏళ్లకు. అయితే వాళ్లు అబద్ధం చెబుతున్నారని కూడా అనలేం. ట్రఫాల్గర్‌లో కుర్ర మిడ్‌షిప్‌మన్‌గా ఉన్నవాడు 1827 తర్వాత ఈ కత్తి కొనుక్కుని ఉండవచ్చు. మనిషి కథా నిజమే, కత్తీ నిజమే, ఆ రెంటినీ కలిపిన వాక్యం ఒక్కటే తప్పు. అలాంటి చిక్కు విప్పడానికి కత్తి ఒక్కటీ చాలదు, కాగితం కావాలి.

ఓడ పోయిన లెఫ్టినెంట్

కొన్న కత్తులు ఒక రకమైతే, మెచ్చి ఇచ్చినవి ఇంకో రకం. 1803 జూలైలో లండన్‌లోని లాయిడ్స్ బీమా వర్తకులు పేట్రియాటిక్ ఫండ్ పెట్టారు. యుద్ధంలో గాయపడినవారికీ, చనిపోయినవారి కుటుంబాలకూ సాయం చేయడం దాని ముఖ్యమైన పని. దాంతో పాటు సాహసం చూపిన అధికారులకు ఖడ్గాలు బహూకరించారు. కెప్టెన్లకు, కమాండర్లకు 100 పౌండ్లది, లెఫ్టినెంట్లకు 50 పౌండ్లది, మిడ్‌షిప్‌మన్లకు 30 పౌండ్లది. లండన్ స్ట్రాండ్‌లోని రిచర్డ్ టీడ్ వీటిని తయారుచేయించేవాడు. చేతి కాపు హెర్క్యులీస్ గద ఆకారంలో ఉంటుంది, దానికి పాము చుట్టుకుని ఉంటుంది. నీలం, బంగారం వేసిన అలుగు మీద ఎవరికి, ఏ రోజున ఏ పోరాటానికి ఇచ్చారో రాసి ఉంటుంది. 1809తో ఈ ఖడ్గాల బహుమతి ఆగిపోయింది. ఫండ్ మాత్రం ఇప్పటికీ సైనిక కుటుంబాలను ఆదుకుంటోంది.

ఈ ఖడ్గాల్లో ఒకదాని యజమాని రాబర్ట్ ఫౌలర్ అనే లెఫ్టినెంట్. మాథ్యూ ఫ్లిండర్స్ ఆస్ట్రేలియా తీరాన్ని సర్వే చేసిన ఇన్వెస్టిగేటర్ ఓడలో ఇతను రెండో స్థానంలో ఉండేవాడు. ఆ ఓడ కొయ్యంతా పుచ్చి పనికిరాకుండా పోయింది. ఫ్లిండర్స్‌నూ మిగతా వాళ్లనూ ఇంగ్లండ్‌కు చేర్చే బాధ్యతతో ఫౌలర్‌కు పోర్పాయిస్ అనే ఓడ అప్పగించారు. 1803 ఆగస్టులో అది పగడపు దిబ్బకు కొట్టుకుని మునిగింది. ఇసుక దిబ్బ మీద వారాల తరబడి గడిపాక మరో ఓడ వచ్చి ఫౌలర్‌ను చైనాకు చేర్చింది. ఓడ లేని నౌకాధికారిగా, ఈస్టిండియా కంపెనీ వర్తక ఓడలో ప్రయాణికుడిగా అతను ఇంటిదారి పట్టాడు.

ఆ ఓడ నథానియల్ డాన్స్‌ది. 1804 ఫిబ్రవరి 15న మలక్కా జలసంధి దరిదాపుల్లో, పులో ఆరా దగ్గర, డాన్స్ నడిపిస్తున్న వర్తక ఓడల బారుకు లినువా దళం ఎదురైంది. ఏడు నెలల తర్వాత విశాఖ మీదికి వచ్చింది ఈ లినువాయే. డాన్స్ తన వర్తక ఓడల్లో కొన్నిటికి యుద్ధనౌకల జెండాలెత్తించి, బెదరకుండా ఎదురు నడిపించాడు. లినువా మోసపోయి తప్పుకున్నాడు. ఆ వేళ ఫౌలర్ ప్రయాణికుడిగా చూస్తూ కూచోలేదు, ఫిరంగుల దగ్గర నిలిచి పని చేశాడు. డాన్స్‌కూ, వర్తక ఓడల కమాండర్లకూ పేట్రియాటిక్ ఫండ్ ఖడ్గాలిచ్చింది. ఫౌలర్‌కు కూడా 50 పౌండ్ల ఖడ్గం ఇచ్చింది.

ఆ ఖడ్గాన్ని ఒక్కదాన్నే చూస్తే మనకు ఒక గెలుపు కనబడుతుంది. ఉద్యోగ చరిత్ర కూడా తెలిస్తే దాని వెనక పుచ్చిన ఓడ, మునిగిన ఓడ, ఇసుక దిబ్బ కనబడతాయి. ఫౌలర్ ఆ తర్వాత అడ్మిరల్ హోదా దాకా వెళ్లి 1860లో చనిపోయాడు. అదే డాన్స్ ఓడలో సంకేతాలు చూసిన కుర్రాడు జాన్ ఫ్రాంక్లిన్, అదే మునిగిన ఓడ నుంచి బతికి వచ్చినవాడు. అతను మరుసటి ఏడు ట్రఫాల్గర్‌లో బెలరోఫాన్ ఓడ మీద ఉన్నాడు. 1845లో రెండు ఓడలతో, 129 మందితో ఉత్తర ధ్రువ సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు.

చేతులు మారిన కత్తులు

కత్తి ఇవ్వడం ఓటమి ఒప్పుకోవడం. 1797 ఫిబ్రవరి 14న సెయింట్ విన్సెంట్ అగ్రం దగ్గర బ్రిటిష్ నౌకాధికారి నెల్సన్ ఒక స్పానిష్ ఓడలోకి దూకి, దాని మీదుగా రెండో ఓడను కూడా పట్టుకున్నాడు. ఆ డెక్ మీద స్పానిష్ అధికారులు ఒక్కొక్కరే తమ కత్తులు ఇస్తుంటే, నెల్సన్ వాటిని పక్కనున్న విలియం ఫియర్నీ అనే తన పడవ నావికుడికి అందించాడు. ఫియర్నీ వాటిని కట్టెల మోపులా చంకన పెట్టుకున్నాడు. చరిత్రలో అడ్మిరళ్ల పేర్లే మిగులుతాయనుకుంటాం. ఆ కత్తుల పుణ్యమా అని ఒక మామూలు నావికుడి పేరు కూడా మిగిలింది. ఆ పోరులో ప్రాణం విడిచిన స్పానిష్ అడ్మిరల్ వింటుయ్‌సన్ ఖడ్గాన్ని నెల్సన్ తన సొంత జిల్లా నార్ఫోక్‌లోని ముఖ్యపట్టణం నార్విచ్‌కు ఇచ్చాడు. అది ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. అది ఎవరిదో, ఎవరి చేతి నుంచి ఎలా వచ్చిందో మొదటి రోజు నుంచే రాసి ఉండబట్టే ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నాం.

నెల్సన్ సొంత కత్తి సంగతి మరో రకం. అతన్ని 12 ఏళ్ల వయసులో ఓడ ఎక్కించింది మేనమామ కెప్టెన్ మారిస్ సక్లింగ్. ఆ మేనమామ ఖడ్గం నెల్సన్‌కు సంక్రమించింది. అదే 1797 జూలైలో టెనెరిఫ్ ద్వీపంలో అర్ధరాత్రి ఒడ్డున అడుగు పెడుతూ ఒర నుంచి కత్తి దూస్తుండగా కుడి చేతికి గుండు తగిలింది. మేనమామ కత్తి జారిపోకుండా ఎడమ చేత్తో పట్టుకున్నాడంటారు. ఆ కుడి చెయ్యి పోయింది. కానీ ట్రఫాల్గర్ ఉదయం అతను ఏ కత్తీ ధరించలేదు. డెక్ మీదికి వెళ్తూ కత్తిని గదిలో బల్ల మీదే వదిలేశాడు. ఇంగ్లండ్ అత్యంత ప్రసిద్ధ నావికుడు కత్తి లేకుండా చనిపోయాడు. నౌకాధికారి గౌరవం కత్తిలో లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

నౌకాదళ విచారణ అయిన కోర్టు మార్షల్‌లో కూడా కత్తే మాట్లాడేది. విచారణకు వచ్చిన అధికారి తన కత్తిని బల్ల మీద పెట్టాలి. తీర్పు వినడానికి మళ్లీ లోపలికి వచ్చినప్పుడు అలుగు మొన తన వైపు తిరిగి ఉంటే దోషి, పిడి తన వైపు ఉంటే నిర్దోషి. ఎవరూ నోరు విప్పకముందే అతనికి తన గతి తెలిసిపోయేది. ఈ ఆచారాన్ని రాయల్ నేవీ ఈ శతాబ్దం తొలి ఏళ్లలోనే వదిలేసింది.

గీత పడని కత్తి

ఇప్పుడు కాగితాల సంగతి. 1850ల నడిమి నుంచి విల్కిన్సన్ కంపెనీ తన మేలురకం అలుగుల వీపు మీద ఒక్కో సంఖ్య చెక్కేది. ఆ సంఖ్య కంపెనీ ఖాతా పుస్తకంలో కూడా ఉండేది. చాలా సంఖ్యల పక్కన కొన్నవారి పేరు కూడా దొరుకుతుంది. పేరు దొరికితే లండన్ శివార్లలోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లవచ్చు, అక్కడ నౌకాధికారుల సేవా పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. 1814 నుంచి అధికారికంగా వెలువడిన నౌకాధికారుల జాబితా, నేవీ లిస్టు, ఉంది. దానికి ముందు కాలానికి స్టీల్ అనే ప్రచురణకర్త వేసిన జాబితాలున్నాయి. విలియం ఓబైర్న్ 1849లో లెఫ్టినెంట్ నుంచి అడ్మిరల్ దాకా అప్పటికి బతికున్న నౌకాధికారుల జీవిత చరిత్రలను ఒకే గ్రంథంగా తెచ్చాడు. ఇక కత్తుల గురించి మే, ఆనిస్ అనే ఇద్దరు రాసిన రెండు సంపుటాల గ్రంథం 1970లో వెలువడింది. లండన్ గ్రీనిచ్‌లోని సముద్ర మ్యూజియం సేకరణ ఆధారంగా రాసిన ఆ పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ పెద్దబాలశిక్ష.

ఓబైర్న్ పుస్తకం తిరగేస్తే నాకు ఒక విషయం గుండెను పిండినట్టు అనిపిస్తుంది. నెపోలియన్‌తో యుద్ధం నడుస్తున్నప్పుడు రాయల్ నేవీలో లక్షా 40 వేల పైచిలుకు మనుషులుండేవారు. శాంతి వచ్చిన రెండేళ్లకే, 1817 నాటికి, ఆ సంఖ్య 19 వేలకు పడిపోయింది. నావికులు ఇళ్లకు పోయారు. అధికారులు సగం జీతంతో ఒడ్డున మిగిలారు. 1815లో లెఫ్టినెంటైన కుర్రవాళ్లలో ఎందరో 1849 నాటికి తల నెరిసినా లెఫ్టినెంట్లుగానే ఉన్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఓడ కోసం ఎదురుచూపు, అడ్మిరల్టీకి అర్జీలు. వాళ్ల కత్తులు ఇప్పుడు వేలంలోకి వస్తాయి. ఒక్క గీత లేదు, వాదర పదునుగానే ఉంది, బంగారు పూత చెక్కు చెదరలేదు. అమ్మేవాళ్లు "అద్భుతమైన స్థితి" అని రాస్తారు. ఆ అద్భుతమైన స్థితి ఒక మనిషి వృథా అయిన యౌవనమని కాగితం చూస్తే గాని తెలియదు.

దీనికి పూర్తిగా ఎదురు జీవితం అడ్మిరల్ కాలింగ్‌వుడ్‌ది. 1748లో పుట్టి, చిన్న వయసులోనే ఓడ ఎక్కి, ట్రఫాల్గర్‌లో నెల్సన్ పడిపోయాక దళాన్ని నడిపించాడు. లండన్ నగరం అతనికి ఖడ్గం బహూకరించింది. కానీ ఆ మనిషి ట్రఫాల్గర్ తర్వాత ఇల్లు చూడనే లేదు. సెలవు అడిగినా ఇవ్వలేదు, నీవు లేకపోతే మధ్యధరా చేజారుతుందన్నారు. 1810 మార్చిలో సముద్రం మీదే కన్నుమూశాడు. ఒకరికి ఓడ దొరకలేదు, ఒకరికి ఒడ్డు దొరకలేదు. ఇద్దరి కత్తులూ ఒకే బీరువాలో పక్కపక్కన ఉండవచ్చు.

కాగితంలోని ఖాళీ కూడా సాక్ష్యమే. థామస్ కాక్రేన్ 1801లో 14 ఫిరంగుల చిన్న ఓడతో 32 ఫిరంగుల స్పానిష్ ఓడను పట్టుకున్న సాహసి. 1814లో షేర్ మార్కెట్ మోసం కేసులో నేవీ జాబితా నుంచి అతని పేరు కొట్టేశారు. 1832లో తిరిగి చేర్చారు. ఆ మధ్య 18 ఏళ్లలో అతను చిలీ, బ్రెజిల్, గ్రీసు దేశాల స్వేచ్ఛ కోసం పోరాడాడు. బ్రిటిష్ జాబితాలోని ఆ ఖాళీని పూరించాలంటే ఇతర దేశాల కాగితాలు తిప్పాలి.

మనింటి బీరువా

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. ఈ తీరంలో ఎన్నో ఇళ్లలో పాత వస్తువులున్నాయి. మన సైనికులు బర్మాలో, మెసపొటేమియాలో, ఆఫ్రికాలో పోరాడారు. మన ఊరి నావికులు ప్రపంచ సముద్రాలన్నీ చూశారు. వాళ్ల పతకాలు, బెల్టు బిళ్లలు, డిశ్చార్జి పుస్తకాలు, ఉత్తరాలు అటకల మీద ఉన్నాయి. దసరాకు పతకం తీసి తుడిచి పూజలో పెడతాం, దాంతో ఉన్న కాగితం మాత్రం చెదలు పట్టిందని పారేస్తాం. పతకం మిగులుతుంది, మనిషి పోతాడు. రెండు తరాలు దాటాక ఆ ఇంటి పిల్లవాడే, ఇది ఎవరిదో నాకూ తెలియదండీ అంటాడు.

బ్రిటిష్ కత్తుల గురించి ఇంత మాట్లాడింది వాళ్ల వీరత్వాన్ని మెచ్చుకోవడానికి కాదు. ఆ కత్తుల్లో కొన్ని మన మీదికే ఎత్తినవి. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటుంది. నావికుడైనా, ఓటమి పాలైన శత్రువైనా, ఓడ దొరకని లెఫ్టినెంటైనా, అతని పేరు రాసి పెట్టడం, ఆ కాగితాన్ని కాపాడటం. ఆ అలవాటు ఉండబట్టే రెండు వందల ఏళ్ల తర్వాత విశాఖ రేవులో ఎవరు ఒడ్డున ఉన్నారో, ఎవరు ఓడ మీద ఉన్నారో మనం చెప్పుకోగలుగుతున్నాం. ఆ రోజు విశాఖ ఒడ్డున నిలబడి ఫిరంగుల మోత విన్న మన మత్స్యకారుల పేర్లు ఒక్కటీ మనకు దక్కలేదు. వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.

గురువుగారి పేరున ఈ రోజు మీ అందరినీ ఒక్కటే వేడుకుంటున్నాను. ఇంటికి వెళ్లాక మీ ఇంట్లో ఉన్న ఒక్క పాత వస్తువును బయటికి తీయండి. అది ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో, మీకు ఎవరు చెప్పారో ఒక కాగితం మీద రాసి, తారీఖు వేసి, దాంతోనే కట్టి ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాయండి. రేపు మీ మనవరాలు ఆ వస్తువు చేతిలోకి తీసుకుని, ఇది ఎవరిది తాతయ్యా అని అడిగితే, జవాబు ఆ కాగితం మీద ఉండాలి.